అరవై లీటర్ల ట్యాంకు, డెబ్బై నాలుగు లీటర్ల డీజిలు

మా కంపెనీ సరుకు వ్యాను ట్యాంకులో 60 లీటర్లు పడతాయి. తయారుచేసినవాళ్లు అలాగే చెబుతారు. మొన్న జూలైలో అదే ట్యాంకు ఒకే దఫాలో 74 లీటర్ల డీజిలు తాగింది. కార్డు గీకిన రసీదు ఉంది, బిల్లు ఉంది, బిల్లు మీద సంతకం ఉంది. పదార్థ విజ్ఞాన శాస్త్రాన్నే తిరగరాయవలసిన ఈ ఘటన మీద మా అకౌంట్స్ విభాగం పచ్చసిరాతో ఒక టిక్కు పెట్టి, బిల్లును ఫైలులో కుట్టేసింది.

గుట్టు బయటపెట్టింది కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి. ఆమె చేసిన అపరాధమల్లా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటమే. పదేళ్లుగా మా సంస్థలో ఎవరూ అంతటి దుస్సాహసానికి ఒడిగట్టలేదు. దాంతో యాజమాన్యం హుటాహుటిన ఇంధన దుర్వినియోగ నిరోధక కమిటీ వేసింది. అందులో నేనూ సభ్యుణ్ణి. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అనే సామెతతో అధ్యక్షులవారు తొలి సమావేశాన్ని ప్రారంభించారు. ఆ సామెత పుట్టిన రోజుల్లో ఈశ్వరుడికి ఎక్సెల్ షీటు లేదని ట్రైనీ అమ్మాయి అంది. ఆ మాటను మినిట్సులో నమోదు చేయలేదు.

తెలియనివారి కోసం కాస్త వివరం. లారీలు, వ్యాన్లు నడిపే సంస్థలకు ఆయిల్ కంపెనీలు ఫ్లీట్ కార్డులు ఇస్తాయి. డ్రైవరు చేతికి డబ్బివ్వకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఒక్కో కార్డును ఒక్కో బండి నంబరుకు కట్టేయవచ్చు. రోజుకు ఇంతకు మించి గీకకుండా హద్దు పెట్టవచ్చు. గీకిన మరుక్షణం యజమాని ఫోనుకు సందేశం వచ్చేలా చేసుకోవచ్చు. ఆ ‘వచ్చు’ అన్న మాట దగ్గరే మా కంపెనీ పదేళ్లుగా ఆగిపోయింది.

మాకు 38 బండ్లు, 38 కార్డులు. పెద్ద లారీకీ చిన్న వ్యానుకూ ఒకటే హద్దు: రోజుకు 50 వేల రూపాయలు. సమానత్వం మా విధానం. పిన్ కూడా అందరికీ ఒకటే, 1234. డ్రైవర్లు మరిచిపోతారని ముందుజాగ్రత్తగా ఆ అంకెల్ని కార్డు కవరు మీదే రాయించారు. ఇక సందేశాలంటారా, తప్పకుండా వెళుతున్నాయి. 2019లో రిటైరైన రవాణా అధికారి ఫోనుకు వెళుతున్నాయి. ఆయన ప్రస్తుతం తెనాలిలో మనవలతో కాలక్షేపం చేస్తున్నారు. మా డీజిలు సంగతి కంపెనీ మొత్తం మీద ఆయనకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదు.

బంకులో కార్డు గీకేటప్పుడు బండి మీటరు రీడింగు కూడా కొట్టాలి. ఎక్కువ చోట్ల బంకు కుర్రాడే తోచిన అంకె కొట్టేస్తాడు. మా రికార్డుల ప్రకారం ఒక లారీ మంగళవారం 1,84,000 కిలోమీటర్ల దగ్గర ఉంది, శుక్రవారానికి 1,12,345కు చేరింది. ఆ మూడు రోజులూ అది రివర్సు గేరులో ఎక్కడిదాకా వెళ్లిందో కమిటీ తేల్చలేకపోయింది.

ఇందులోని కిటుకు చాలా పాతది. ముప్పై లీటర్లు పోయించి యాభైకి గీకుతారు. మిగిలిన ఇరవై లీటర్లు నగదై చేతికొస్తాయి, కుర్రాడి వాటా కుర్రాడిది. పైపు, మోటారు, పట్టపగలు క్యానులోకి తోడటం లాంటి మోటు పనులు లేవు. కార్డు వచ్చాక చౌర్యం కూడా చేతికి మసి అంటని కళ అయింది.

ట్రైనీ అమ్మాయి ఊరుకోలేదు. టోలు గేట్ల దగ్గర ఫాస్టాగ్ నమోదు చేసిన సమయాలు తెచ్చి డీజిలు బిల్లుల పక్కన పెట్టింది. హైదరాబాదు నుంచి విజయవాడ వస్తున్న మా లారీ ఒకటి మధ్యాహ్నం 2.10కి సూర్యాపేట బంకులో డీజిలు పోయించుకుంది. 2.15కి చిల్లకల్లు టోలు గేటు దాటింది. మధ్యలో యాభై కిలోమీటర్లకు పైగా దారి, కోదాడ పట్టణం ఉన్నాయి. పుష్పక విమానానికి కూడా టోలు వసూలు చేసిన ఘనత జాతీయ రహదారికి దక్కింది.

ఆ తర్వాత ఆమె ఒకే ఒక్క కాగితం ఇచ్చింది. ఏ బండి ట్యాంకు ఎంతో అంతకు మించి ఆ కార్డు పనిచేయకూడదు. పోయిస్తే ట్యాంకు నిండుగా పోయించాలి, అప్పుడే ఒక నిండు నుంచి మరో నిండు దాకా మైలేజీ లెక్క తేలుతుంది. సరిగ్గా 3,000, సరిగ్గా 5,000 అని గుండ్రంగా ఉన్న బిల్లుల్ని మళ్లీ చూడాలి, ఎందుకంటే నిండిన ట్యాంకు అలా గుండ్రని అంకె దగ్గర ఆగదు. డ్రైవరు మానేసిన సాయంత్రమే పిన్ మార్చాలి. ఎవరో ఒకరు వారానికోసారి ఇవన్నీ చూడాలి. చదివి మేం నివ్వెరపోయాం. పని ఇంత తేలికైతే కమిటీ ఎందుకు? కాగితాన్ని ఉపసంఘానికి పంపాం. ట్యాంకుల్లో అమర్చే సెన్సర్లకు మాత్రం మూడు కొటేషన్లు తెప్పించాం.

డ్రైవర్లనూ విచారించాం. పాతికేళ్ల సర్వీసున్న పెద్ద డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి, “అయ్యా, బత్తా రోజుకు 250. పన్నెండేళ్లుగా అదే. హైవే మీద రెండు పూటలా తిని, ఒక టీ తాగితే అయిపోతుంది. టైరు పంక్చరైతే ఎవరి జేబులోంచి ఇవ్వాలి?” అన్నాడు. ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని అధ్యక్షులవారు రూలింగు ఇచ్చారు. చెప్పకూడదు గానీ, ఆ బత్తాలో మిగతా భాగం డీజిలు రూపంలో వసూలవుతుందని మా వాళ్లలో తెలియనివారు లేరు. జీతం పెంచకుండా మనుషుల్ని నిలుపుకోవడానికి అంతకంటే చవకైన పథకం లేదు. చీటీ రాయకుండా ఇచ్చే ఇంక్రిమెంటు అది.

చిక్కంతా కార్డు నంబరు 1తో వచ్చింది. సంక్రాంతి మూడు రోజులూ అది భీమవరంలోనే పెట్రోలు పోయించుకుంది, మూడుసార్లు. మాకు భీమవరంలో గోదాము లేదు, డీలరు లేడు. కోడిపందేలున్నాయి. అది అధ్యక్షులవారి కారు కార్డు. కమిటీ సుదీర్ఘంగా చర్చించి, దాన్ని ‘మార్కెట్ పరిశీలన’ పద్దు కింద వేసింది. ట్రైనీ అమ్మాయిని మర్నాడు క్యాంటీన్ కూపన్ల విభాగానికి బదిలీ చేశారు. అక్కడ కూడా ఆమె రెండు అంకెలను పక్కపక్కన పెడుతోందని వినికిడి.

చివరగా క్షేత్ర పరిశీలన. సూర్యాపేట బంకును స్వయంగా చూడాలని ఏడుగురు సభ్యులం మూడు కార్లలో బయలుదేరాం. బంకులో అడుగుపెట్టగానే అధ్యక్షులవారు గంభీరంగా కార్డు నంబరు 1 తీసి డ్రైవరుకిచ్చారు. బంకు కుర్రాడు పైపు చేతిలో పట్టుకుని, మా మెడల్లోని గుర్తింపు కార్డుల వైపు కన్నెత్తి కూడా చూడకుండా, రోజూ అడిగే మాటే అడిగాడు.

“ఎంత కొట్టమంటారు సార్, ఎంత గీకమంటారు?”