సవరణ: ఫ్రాన్స్ ఉపాధి పథకం అందరికీ కాదు

ఫ్రాన్స్‌లో ఏడాదికి పైగా పని దొరకని ఎవరికైనా శాశ్వత ఉద్యోగం ఇచ్చే పథకం ఉందని మొన్న రాశాను. అది తప్పు. 2016 చట్టంతో వచ్చిన ఆ ప్రయోగం తొలుత 10 ప్రాంతాలకే పరిమితం. 2020 చట్టం మరిన్ని ప్రాంతాలకు దారి తెరిచింది. ఎంపికైన ప్రాంతంలో కనీసం ఆరు నెలలుగా నివసిస్తున్నవారే అర్హులు. అంటే హద్దుకు ఇటువైపు ఇల్లున్నవారికి పని దొరకవచ్చు. అటువైపు అయిదేళ్లుగా ఖాళీగా ఉన్నా ఎదురుచూపే. అవసరం ఒకటే, చిరునామా వేరు! అందుకే ‘అందరినీ సమానంగా చూసే పథకం’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

ప్రయోగం కొన్నిచోట్ల మొదలవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన ఉపాధి హామీ కూడా 2006లో 200 జిల్లాల్లోనే మొదలైంది. అయితే దేశమంతటికీ విస్తరించడానికి చట్టమే అయిదేళ్ల గడువు పెట్టింది. 2008 ఏప్రిల్‌కల్లా గ్రామీణ జిల్లాలన్నిటికీ చేరింది. ఈ పోలిక మొదటే చెప్పవలసింది.