కేబులు దొంగకి కరెంటు పెట్టాలా, తాళం వెయ్యాలా?

మొన్న చంద్రగిరి కాడ మా మామ మామిడితోపులో బోరు కేబులు కోసకపోయినారు. నేను గల్ఫ్‌లో ఒక మెరీనాలో ఎలక్ట్రీషియన్ని, లీవులో వచ్చుండా. మెరీనా అంటే సొంత పడవలు కట్టేసుకునే రేవు, ఆగిన పడవకి ఒడ్డు మీద స్తంభం నుంచి కేబులుతో కరెంటు ఇస్తాం, దాన్నే షోర్ పవర్ అంటారు. తిరుపతి బస్టాండు కాడ టీ తాగతా మేమిద్దరం వాదులాడింది ఇది.

మామ: ఇది రెండోసారి రా అబ్బోడా. చెరువుకట్ట కింద పోయి చూస్తే ప్లాస్టిక్ కాల్చిన నల్లముద్ద, ఇంకా వెచ్చగా ఉండాది, రాగి మాత్రం తీసుకోని పోయినారు. ఇంటి లైను నుంచి తీగె లాగి రాత్రిపూట స్టార్టర్ పెట్టెకి కరెంటు పెడతా, చెయ్యి పెట్టినోడు ఆడనే పడాల.

నేను: ఆ మాట అనొద్దు మామా. పడేది దొంగే అని ఎవురు చెప్పినారు? నీళ్లు కట్టేకి పొయ్యే పిల్లోడు పడతాడు, ఆవు పడతాది. పలమనేరు, కుప్పం దిక్కు అడివిపందులకని పెట్టిన తీగెలకి ఏనుగులు, మనుషులు పోలేదా? మా రేవులో నీళ్లలోకి కరెంటు కారిందంటే ఈదేవోడి కండలు బిగుసుకోని మునిగిపోతాడు, అందుకని 30 మిల్లీయాంప్స్ లీకైనా ట్రిప్పయ్యే బ్రేకర్లు పెట్టుకుంటాం, నువ్వేమో కావాలని పెడతానంటావు.

మామ: మరి ఏం చెయ్యమంటావు? మాకిచ్చేది పగటిపూట 9 గంటలు, రాత్రి లైనులో కరెంటుండదు, దొంగకి అదే ధైర్యం.

నేను: ఆడా అంతే. పడవ సముద్రంలోకి పోయేటప్పుడు 32 యాంప్స్ నీలం ప్లగ్గు పెరికి కేబులు చుట్టేసి పోతారు చూడు, ఎక్కువగా అప్పుడే పోతాయి. అందుకే కేబుల్ని స్తంభానికి గొలుసేసి తాళం వెయ్యమంటాం.

మామ: అన్నిటికీ వేసెయ్యండి.

నేను: బ్రేకరుకి మాత్రం వెయ్యనియ్యం మామా. ఉప్పుగాలికి పిన్నులు చిలుంపట్టి, పట్టు వదులై వేడెక్కుతాయి, ఒకసారి నేను ప్లగ్గు పెరికితే మూతి గోధుమరంగుకి తిరిగి పిన్ను చుట్టూ కరిగిపోయుండాది. పొగ వస్తా ఉంటే తాళంచెవి యాడ వెతుకుతావు?

మామ: రంపం ఉన్నోడికి తాళం ఒక లెక్కా? కొనేవోణ్ణి పట్టుకోవాల. గుజిరీ అంగట్లో కాల్చిన రాగి పోస్తే ఎవురిదని అడగరు, తూకమేసి దుడ్డు చేతిలో పెడతారు.

నేను: అది ఒప్పుకుంటా. ఆడ కేబుల్ని అట్లే అమ్మాలని చూస్తారు, రాగి కంటే కేబులుకే రేటెక్కువ గదా, అందుకని తొడుగు మీద పడవ పేరు రాసి పెడితే కొనేవోడు భయపడతాడు. ఈడ పేరు రాసినా కాల్చేస్తారు. నీకైతే పైపులో వేసి రెండు మూడడుగులు లోతుగా పూడ్చేదే.

మామ: రాళ్లనేల రా అది. కూలోళ్లకి ఎవురిస్తారు?

నేను: లీవు ఇంకా 10 దినాలుంది, నేనే తవ్వతా. నువ్వా తీగె మాత్రం లాగొద్దు.

మామ కాసేపు మాట్లాడలేదు. నిన్న రాత్రే లాగేసినా రా, అన్నాడు.

గ్లాసులు ఆడనే పెట్టేసి చంద్రగిరి బస్సు కోసం పరిగెత్తినాం. దోవలోనే అత్తకి ఫోన్ చేసి మెయిన్ ఆపెయ్యమని చెప్పినా, పిల్లోణ్ణి తోపుకి పంపొద్దని కూడా.