స్ఫూర్తి కోసం కూర్చుంటే...

స్ఫూర్తి మెరుపు లాంటిది, అది వచ్చేదాకా కళాకారుడు కాచుకోవాల్సిందే అని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు సగమే నచ్చింది. మాది తిరుపతి. అన్నమయ్య పదహారో ఏట, అంటే 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా సంకీర్తనలు రాశాడని, వాటిని చెక్కించిన రాగిరేకుల్లో ఉంది. మొత్తం 32 వేలని చెబుతారు. లెక్కేసి చూడండి, 79 ఏళ్లంటే దాదాపు 28,800 రోజులు. రోజుకు ఒకటికి పైనే! అన్ని రోజులూ మెరుపు మెరిసిందంటారా? జలుబో, జ్వరమో, ఇంట్లో గొడవో ఉన్న రోజులు ఆయనకూ ఉండే ఉంటాయి కదా.

అయితే కాచుకోవడమూ అబద్ధం కాదు. మా పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. తొందరపడితే రంగు దిగదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీస్తేనే ఆ నీళ్లు నల్లబడతాయి. కానీ కుండలో అది ఊరుతున్నన్నాళ్లూ మనిషి ఊరికే కూర్చోడు, ఇంకో గుడ్డ మీద బొమ్మ గీస్తూనే ఉంటాడు.

నేనూ అప్పుడప్పుడు కథలు రాస్తాను (అచ్చయినవి మూడే లెండి). స్ఫూర్తి కోసమని మా ఊరి కపిలతీర్థం జలపాతం దగ్గర ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. కోతులు నా చెనక్కాయల పొట్లం ఎత్తుకెళ్లడం తప్ప ఏమీ జరగలేదు. రెండు నెలలు టెన్షన్ పెట్టిన కథకు ముగింపు మాత్రం చిత్తూరు బస్సులో, చిల్లర కోసం కండక్టరుతో వాదిస్తుంటే తట్టింది.