జారడానికి ఒక మంచి చోటు

హనుమకొండలో ఒక మధ్యతరగతి కుటుంబానికి మంచు మీద జారే స్కీయింగ్ అవసరమా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అవసరం కాబట్టే ఎదురింటి వాళ్లు పోయిన ఏడాది కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లొచ్చారు. ఆ ఫొటో వాళ్ల హాల్లో టీవీ పైన ఉంది. నలుగురూ అద్దె కోట్లు తొడుక్కుని, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని, ఒక్కరూ జారకుండా నిలబడి ఉన్నారు. మేం చాయ్‌కి ఎప్పుడు వెళ్లినా ఆ ఫొటోకు ఎదురుగా ఉన్న సోఫాలోనే కూర్చోబెడతారు.

కాబట్టి మేమూ వెళ్లాలి. కానీ గుల్మార్గ్‌కు వెళ్లకూడదు. వాళ్లను చూసి వాత పెట్టుకున్నట్టుంటుంది. మరో చోటు వెతకాలి. అందుకు ఇంట్లోనే ఒక కమిటీ వేశాం. నేను అధ్యక్షుణ్ని, మా ఆవిడ కోశాధికారి. ఇంటర్ ఫస్టియర్ చదివే అమ్మాయి, ఏడో తరగతి అబ్బాయి సభ్యులు. మా అమ్మ గౌరవ సలహాదారు. సలహాదారు మొదటి సమావేశంలోనే ఒక షరతు పెట్టింది. 2026 జనవరి 28న మేడారం జాతర మొదలు. ఎవరెక్కడ జారినా అప్పటికల్లా ఇంట్లో ఉండాలి, నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కు తీర్చాలి. ఇంకో షరతు అమ్మాయి కాలేజీది. సంక్రాంతికి నాలుగు రోజులు వదులుతారు. అందులో ఒక రోజు ఆన్‌లైన్ టెస్ట్.

విషయ పరిజ్ఞానం లేకుండా నిర్ణయం తీసుకోవడం మా వంశంలో లేదు. అందుకని చదివాను. స్కీ అనే మాట పాత నార్వే భాషలోంచి వచ్చింది. చీల్చిన కట్టె అని అర్థం. ఇది చెప్పగానే మా అమ్మ, "కట్టెలు గట్టుకొని జారుడేందిరా? కాలు జారకుంట నడువుమనే గదా చిన్నప్పటి సంది చెప్పింది" అంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆగాలంటే రెండు పలకల ముందు కొనలను దగ్గరికి తెచ్చి, మడమలను దూరం చేయాలట. దాని పేరు స్నోప్లౌ, అంటే మంచు నాగలి. నాగలి అన్న మాట వినగానే మా అమ్మకు ఆ ఆటమీద కొంత గౌరవం కలిగింది.

మొదట ఔలీ పేరు వచ్చింది. ఉత్తరాఖండ్‌లో ఉంది, 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన చోటు. జోషీమఠ్ నుంచి పైకి తీగ మీద వేలాడుతూ వెళ్లే రోప్‌వే ఉంది. అంటే, ఉండేది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు పగుళ్లు బారినప్పుడు దాన్ని ఆపేశారు. మనం జారడానికి కొండ వెతుక్కుంటూ పోతే అక్కడ కొండే జారుతోంది. కొట్టేశాం. మనాలీ దగ్గరి సోలాంగ్‌కు మా మరదలు హనీమూన్‌కే వెళ్లొచ్చింది కాబట్టి దాన్ని చర్చకు కూడా తీసుకోలేదు.

అసలు మంచు పడుతుందా అన్నది ఇంకో టెన్షన్. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలే మంచు చాలక వాయిదా పడ్డాయి. దేశమంతటి నుంచి వచ్చి ఆడే పిల్లలకు దొరకని మంచు, కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీలో దిగి, ఇంకెన్నో బండ్లు మారి వెళ్లే మాకు దొరుకుతుందా? పైగా 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మంచు దాదాపు మొత్తం యంత్రాలు కొట్టిందే. అలాంటప్పుడు ఆ యంత్రాన్ని మన వడ్డేపల్లి చెరువు గట్టున పెట్టుకోవచ్చు కదా అని నేను ప్రతిపాదించాను. నీటిని తుంపరగా చిమ్మినా అది గడ్డకట్టాలంటే చలి సున్నా దగ్గరికి దిగాలని మా అమ్మాయి చెప్పింది. ఆన్‌లైన్ టెస్టుల వల్ల ప్రయోజనం లేదని ఎవరనగలరు?

హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్‌బండ్ మీద 2004లో స్నో వరల్డ్ అనే మంచు పార్కు పెట్టారు. కానీ మా వాడు స్కూల్ పిక్నిక్‌లో రెండుసార్లు వెళ్లొచ్చాడు. స్కూల్ పిక్నిక్ చోటును ఫ్యామిలీ హాలిడేగా చూపిస్తే ఎదురింట్లో మా విలువ ఏమవుతుంది?

తర్వాత దుబాయ్. దీనిమీద కాస్త ఆగాలి, ఎందుకంటే కమిటీ దాదాపు ఒప్పేసుకున్న చోటు ఇది. ఎడారిలో ఒక మాల్ లోపల 85 మీటర్ల ఎత్తు మంచు కొండ కట్టారు. 2005 నుంచి నడుస్తోంది. అందులో పొడుగాటి జారుడు దారి 400 మీటర్లు. బయట కొలిమి, లోపల సున్నా కంటే కింద. పైగా అక్కడ మాకు సొంత మనిషి ఉన్నాడు. జగిత్యాల వైపు మా బావ పన్నెండేళ్లుగా దుబాయ్‌లో కట్టడాల పని చేస్తున్నాడు. ఉత్తర తెలంగాణలో దుబాయ్‌లో బావ లేని ఇల్లు చూపించండి, నేను ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

వీడియో కాల్ చేశాం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ రూల్ ఉంది. ఆ రెండున్నర గంటల నీడే వాళ్ల ఏడాదికి హిల్ స్టేషన్. మేం మంచు కొండ గురించి అడిగాం.

"ఆ మాల్ ముంగటికెల్లి రోజు మా బస్సు పోతది" అన్నాడు బావ.

"లోపలికి పోయినవా బావా?"

"లోపలికెందుకు? మీరు సలి కోసం గీడికొస్తరా? నేను జగిత్యాల సలి కోసం రెండేండ్లకోసారి టికెట్ వెట్టుకొని అస్తున్న."

ఆ తర్వాత దుబాయ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఖర్చు ఎక్కువని మినిట్స్‌లో రాసుకున్నాం.

ఇక్కడే అధ్యక్షుడి హోదాలో నేనొక నోట్ సమర్పించాను. స్కీయింగ్‌కు కావాల్సినవి ఏమిటి? తెల్లగా, కుప్పగా, వాలుగా ఉండే ఒక పదార్థం. అది ఎంత పొడిగా ఉంటే అంత విలువ. తడిస్తే పనికిరాదు. చలికాలంలోనే దొరకాలి. ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. ఈ లక్షణాలన్నీ ఉన్న పదార్థం వరంగల్ జిల్లాలో టన్నుల కొద్దీ ఉంది. దాన్ని మనం పత్తి అంటాం.

నవ్వకండి. మంచు మోజున్న వాళ్లు తేమ లేని పొడి మంచు కోసం ఖండాలు దాటుతారు. సర్కారు తరఫున పత్తి కొనేవాళ్ల రూల్ అంతకంటే పట్టుదల గలది. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే బండి వెనక్కి. ఏ ఆల్ప్స్ కొండ మీద మంచునైనా ఇంత శ్రద్ధగా పరీక్షిస్తారా? గుల్మార్గ్‌లో కొండపైకి తీసుకెళ్లే గొండోలా, అంటే తీగ బండి, టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. 2025 సీజన్ నుంచి పత్తి అమ్ముకోవడానికి కూడా ఫోన్‌లోనే స్లాట్. గొండోలా రెండో దశ నాలుగు వేల మీటర్లకు దగ్గరగా తీసుకెళ్తుంది. మా అన్నకు ఊళ్లో స్లాట్ కోసం సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంక్ ఎక్కాలి. ఎత్తు విషయంలో కొంత వెనుకబడ్డాం, ఒప్పుకుంటున్నాను.

రంగుల విషయంలో మాత్రం మనదే పైచేయి. యూరప్‌లో జారే దారులకు కష్టాన్ని బట్టి రంగులు పెడతారు. ఆకుపచ్చ సులువు, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. ఆకుపచ్చకు మనకు నాట్ల ముందటి మడి ఉంది. చదును చేసే చెక్క మీద నిలబడి, ఎడ్లు లాగుతుంటే బురదలో జారని రైతు బిడ్డ మా తరంలో లేడు, అప్పుడు దాన్ని క్రీడ అంటారని మాకు చెప్పినవాళ్లు లేరు. ఎరుపుకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాశులు. కళ్లద్దాలు తప్పనిసరి. నలుపు దారి అంటే మహా సాహసికులకు. వాళ్లను భూపాలపల్లికి పంపుదాం, బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు అక్కడ నిజం కొండల్లాగే నిలబడి ఉన్నాయి. నీలం మనకు దొరకలేదు. నిజామాబాద్ పసుపు ఈ వరుసలోనే లేదు, 2025 జనవరిలో అక్కడ మొదలైన పసుపు బోర్డు ఈ అన్యాయాన్ని ఎవరి దృష్టికైనా తీసుకెళ్లాలి. నీటి మీద తేలే ఇటుకలతో రామప్ప గుడి గోపురం కట్టిన గడ్డ ఇది, పత్తి మీద జారే మనిషిని తయారు చేయలేదా?

నోట్ ఓడిపోయింది. నాలుగు ఓట్లు వ్యతిరేకం. కోశాధికారి నా వైపు కాసేపు చూసి, "మీరు ఆఫీసులో కూడా ఇట్లనే రాస్తరా?" అని అడిగింది.

ఆ రాత్రే పరకాల దగ్గరి మా ఊరి నుంచి అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, స్లాట్ దొరికింది. సోమవారం. పండుగ పూట కూలోళ్లు ఒక్కరు వస్తలేరు. పిల్లల్ని తోల్కొని రా."

ఇలా చోటు ఖరారైంది.

ఊళ్లో అన్న వాళ్ల ముందు గది తలుపు తీస్తే పత్తి. మంచం లేదు, బీరువా లేదు, కిటికీ సగం దాకా తెల్లటి కొండ. అది ఇంకా ఎక్కువే ఉండాల్సింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వరంగల్‌ను ముంచినప్పుడు మొదటి తీత చేలోనే తడిసి నల్లబడింది. మా వాడు ఇవేవీ వినలేదు. కేక పెట్టి కొండెక్కాడు. "చెప్పులు ఇడువురా! మన్నంటితే గ్రేడు పోతది!" అని వదిన అరిచింది. చెప్పులు విడిచి మళ్లీ ఎక్కాడు.

పత్తి మీద జారలేం, దిగబడిపోతాం. ఇంతకు ముందు రాసిన నోట్‌లో ఈ విషయం చెప్పకపోవడం నా తప్పే. కానీ కొత్తగా పడిన లోతు మంచులో కూడా మోకాళ్ల దాకా ఇలాగే దిగబడతారట, దానికే ఎక్కువ డబ్బులు ఇస్తారట. గంటకల్లా వాడికి ఒళ్లంతా దురద పట్టింది. నిల్వ పత్తి సంగతి తెలిసినవాళ్లకు కొత్త కాదు. "ఎత్తు ప్రదేశాల్లో కొందరికి ఆరోగ్య సమస్యలు వస్తాయి" అని నేను ధైర్యం చెప్పాను. వదిన కొబ్బరి నూనె రాసింది.

సోమవారం పొద్దున పత్తి కొనే మిల్లు దగ్గరికి వెళ్లేసరికి మా ముందు ట్రాక్టర్ల వరుస మెయిన్ రోడ్డు దాకా ఉంది. స్లాట్ అంటే లోపలికి వెళ్లే సమయం అనుకున్నాను. వరుసలో నిలబడే హక్కు అని తర్వాత తెలిసింది. సాయంత్రం తేమ మీటర్ గుచ్చారు. 13 చూపించింది. "ఆరబెట్టుకొని రండి" అన్నారు. పొద్దున నుంచి పొగమంచులో నిలబడ్డ బండి మరి. పక్కనే ఖాళీ జాగాలో పరదాలు పరిచి, ట్రాక్టర్ మీది పత్తి మొత్తం దించి, మర్నాడు ఎండలో పరిచాం. మా ఆవిడా, అమ్మాయీ, వదినా చేతులతో తిరగేశారు. అమ్మాయి మధ్యలో ట్రాక్టర్ ఇంజన్ మీద కూర్చుని ఆన్‌లైన్ టెస్ట్ రాసింది. ఉష్ణం మీద నాలుగు ప్రశ్నలు వచ్చాయట.

సోమవారం రాత్రి అక్కడే గడిపాం. మంకీ క్యాపులు, రగ్గులు, రోడ్డు పక్కన టైర్ ముక్కలతో చలిమంట. యూరప్‌లో జారడం అయిపోయాక సాయంత్రం అందరూ కూర్చుని తిని తాగడానికి ఆప్రే స్కీ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. మా వదిన డబ్బా మూత తీసి సకినాలు పంచింది. వెనక ట్రాక్టర్ వాళ్లు గారెలు ఇచ్చారు. నలుగురు ముసలి రైతులు మంట చుట్టూ కూర్చుని ఆకాశం వైపు చూస్తూ రేపు ఎండ కాస్తుందా అని అంచనాలు వేశారు. ఏ రిసార్ట్‌లోనైనా రాత్రిపూట మాటలు ఇవేనట, రేపు వాతావరణం ఎట్లుంటుందని.

భోగి ముందు రోజు సాయంత్రం రెండోసారి మీటర్ గుచ్చితే 11. బండి లోపలికి వెళ్లింది. మిల్లు ఆవరణలో నిజంగానే కొండలు ఉన్నాయి. రెండంతస్తుల ఎత్తు తెల్లటి కొండలు, పైన లైట్ల వెలుగు, చుట్టూ పొగమంచు. పత్తిని ఒక లావాటి గొట్టం పీల్చుకుని పైకి తీసుకుపోతోంది. లిఫ్ట్ అన్నమాట, తిరుగు ప్రయాణం మాత్రం లేదు. మా వాడు ఎవరి అనుమతీ అడగకుండా ఒక కొండ పైకి ఎక్కేశాడు. రెండు చేతులూ చాచి, మంకీ క్యాప్‌తో నిలబడ్డాడు. అమ్మాయి ఫొటో తీసి, ఏమీ రాయకుండా, అందరి ఫోన్లలోనూ స్టేటస్ పెట్టేసింది.

పొడవు పింజ పత్తికి 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. మూడు శాతం తేమ కోత పోగా మాకు లెక్క కట్టింది 7,866. అన్న కిటికీ దగ్గర రసీదు తీసుకుంటుండగా నా ఫోన్ మోగింది. ఎదురింటాయన. మిల్లు మోతలో సగం వినబడలేదు.

"అన్నా, స్టేటస్ చూసిన! ఏం మంచు అన్నా అది! ఎంత పడింది?"

"ఏడు వేల ఎనిమిది వందల అరవై ఆరు" అన్నాను.

"తలకా?"

"క్వింటా..." అన్నాను కానీ మోతలో కలిసిపోయింది.

"మాకు గుల్మార్గ్ తలకు ముప్పై వేలు దాటింది. మస్తు అగ్గువకు కొట్టినవ్ పో!"

ఫోన్ పెట్టేశాక, ఎవరని అన్న అడిగాడు.

"మా ఎదురింటాయన. అగ్గువ అంటున్నడు."

"అగ్గువే" అని అన్న రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.