రాబోవు స్పోర్ట్స్ బైకు గారికి

మహారాజశ్రీ రాబోవు మోడల్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని లేఖ మొదలుపెట్టడం మా ఇంటి పద్ధతి. తమరింకా పుట్టలేదు కనుక తమ కుశలం అడగడం సబబో కాదో తెలియక, నా కుశలం మాత్రమే మనవి చేసుకుంటున్నాను. నేను క్షేమం. 2009లో కొన్న నా 150 సీసీ బండి కూడా, చైను చప్పుడు మినహాయిస్తే, క్షేమమే. దాన్ని వదిలించుకుని తమరిని ఇంటికి తెచ్చుకోవాలన్న సంకల్పం 2014 నుంచి చెక్కుచెదరకుండా ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పో అనే కొత్త బళ్ల ప్రదర్శనలో, బజాజ్ వారి వేదిక మీద పల్సర్ ఎస్‌ఎస్ 400 అనే పేరుతో, నిండుగా ఫేరింగ్ (ముందునూ ఇంజనునూ కప్పే పైతొడుగు) తొడుక్కుని తమరు దర్శనమిచ్చారు. పక్కనే సీఎస్ 400 అనే తోబుట్టువు. హీరో వారి వేదిక మీద హెచ్‌ఎక్స్ 250ఆర్‌గా ఒకటి, 620 సీసీల హాస్టర్‌గా మరొకటి, అలా ఇంకో రెండు అవతారాలు. ఒకే సంతలో నాలుగు అవతారాలు చూసిన మా బావమరిది, "ఇప్పుడు వేరే బండి కొంటే అమాయకత్వమే, ఆరు నెలలు ఓపిక పట్టు బావా" అన్నాడు. పట్టాను. సీఎస్ 400 గారు 2016 డిసెంబరులో డొమినార్ అని పేరు మార్చుకుని, దూరప్రయాణాల వేషంలో వచ్చారు. హాస్టర్, హెచ్‌ఎక్స్ షోరూము గడప తొక్కలేదు. ఎస్‌ఎస్ 400గా తమరూ రాలేదు. పల్సర్ వంశంలో 400 అంకె తగిలించుకున్న బండి చివరికి 2024 మేలో వచ్చింది గానీ, ఆ ఎన్‌ఎస్ 400జెడ్‌కు ఫేరింగ్ లేదు. కోటు కుట్టించుకున్నానని పదేళ్ల ముందే ఫొటో పంపిన పెళ్లికొడుకు బనీనుతో విడిదిలో దిగినట్టయింది.

ఇందులో కంపెనీలను తప్పుపట్టడానికి లేదు, కాన్సెప్టు, అంటే ఊహకు నమూనా మాత్రమే, అని చెప్పే చూపించారు. మమ్మల్ని చెడగొట్టింది అసలు రాకపోయినవి కావు, అప్పుడప్పుడూ వచ్చినవి. టీవీఎస్ వారు 2016లో అకులా అని చూపించిన బండి 2017 డిసెంబరుకల్లా అపాచీ ఆర్‌ఆర్ 310గా బజారులోకి వచ్చేసింది. ఎక్కడో ఒకడికి నిజంగా తగలబట్టే కదా ఊరంతా లాటరీ టికెట్లు కొనేది.

తమ విడుదల తేదీ సంగతి కూడా చెప్పుకోవాలి. మా అమ్మమ్మ గారి ఊళ్లో ఒకప్పుడు తలుపుల మీద సుద్దతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. దయ్యం వచ్చి, చదువుకుని, రేపు వద్దామని వెళ్లిపోయేదట. తమ విషయంలో రాసేది దయ్యం, రోజూ వచ్చి చదువుకుని వెనుదిరిగేది మేము. దసరాకన్నారు, దీపావళికన్నారు, ఆర్థిక సంవత్సరం చివరికన్నారు. ఏ దసరా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

పరీక్షల కోసం రోడ్డెక్కే బండిని ఈ వృత్తిలో వారు టెస్ట్ మ్యూల్ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. కంచరగాడిద ఈనదన్న సంగతి తెలిసి కూడా దాని దొంగచాటు ఫొటోలు చూసి మేము ఉయ్యాల కొంటున్నాం. కిందటేడు గుంటూరు అరండల్‌పేటలో ఒక టీ బంకు దగ్గర అయిదుగురం ఒక ఫోను మీదికి వంగాం. ఒళ్లంతా నలుపు తెలుపు సుడుల స్టిక్కర్లు అంటించుకుని, లారీ పక్కగా దూసుకుపోతున్న తమ వెనక భాగం అందులో ఉంది. రెండు వేళ్లతో ఫొటోను సాగదీసేకొద్దీ బండి గళ్లు గళ్లుగా విడిపోయింది, మా నమ్మకం మాత్రం గట్టిపడింది. ట్యాంకు కింద నల్లగా ఉబ్బెత్తుగా కనబడినది, ఇంజనులోకి గాలిని బలవంతంగా ఎక్కించి శక్తి పెంచే సూపర్‌ఛార్జరే అని ఒకడు ఒట్టేశాడు. నెల తిరక్కుండా ఇంకాస్త స్పష్టమైన ఫొటో దొరికింది. అది నడిపేవాడు బండికి కట్టుకున్న రెయిన్‌కోటు సంచి.

అలాంటి పనే చేసే టర్బో మీది ఆశ ఇంకా పాతది. సుజుకీ వారు 2013లో టోక్యో మోటార్ షోలో రికర్షన్ అనే 588 సీసీ టర్బో కాన్సెప్టును చూపించిన దగ్గర నుంచి, వారి పెద్ద బండి హయబూసా తరవాతి మోడల్‌కు టర్బో ఖాయమనీ, ఇంజను 1440 సీసీలకు పెరుగుతుందనీ మేము లెక్కలు కడుతూ వచ్చాం. 2021లో వచ్చిన కొత్త హయబూసాలో అదే 1340 సీసీ ఇంజను ఉంది, టర్బో లేదు, పైగా శక్తి 197 పీఎస్ నుంచి 190కి దిగింది. ఈ లెక్కలకు ఆధారమంటూ ఎవరో ఒకరు పేటెంటు బొమ్మలు తీసుకొస్తారు. పేటెంటు అంటే ఇరవై ఏళ్లపాటు ఇతరులు చేయకుండా ఆపే హక్కే తప్ప, తాను చేసి తీరతానన్న హామీ కాదని మాకు తెలియక కాదు, తెలుసుకోవడం ఇష్టంలేక.

ఇక తమ రెక్కలు. డుకాటీ వారు 2020 పానిగాలే వీ4 అనే స్పోర్ట్స్ బైకుకు తగిలించిన రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల వేగంలో 30 కిలోల బరువుతో బండిని నేలకు అదుముతాయని ప్రకటించారు. ఈ ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి, అంటే వేగం మూడో వంతయితే ఒత్తిడి తొమ్మిదో వంతయ్యేలా, మారుతుంది కనుక, మా ఊరి బ్రాడీపేట సందుల్లో నేను వెళ్లే 30 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 370 గ్రాములకు చేరుతుంది. హ్యాండిల్‌కు అరకిలో పచ్చిమిరపకాయల సంచి తగిలించుకుంటే అంతకన్నా ఎక్కువ పట్టు వస్తుంది. బైకు పందేల్లో పెద్దదైన మోటోజీపీ వారే 2027 నుంచి రెక్కలు కత్తిరించి, ఇంజనును 1000 నుంచి 850 సీసీలకు తగ్గిస్తున్నారు. అయినా తమకు రెక్కలు లేవని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

తమరు రాడారుతో వస్తారని నేను ఎదురుచూస్తుండగానే, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. దానికి ఎవరూ దొంగచాటు ఫొటోలు తీయలేదు. నా బండికి అది లేదు. మొన్న శ్రావణంలో, జల్లు పడి ఆగిన రోడ్డు మీద గేదె అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి పక్కకు తిరిగి, గేదెకు ఎదురుగా కాక సమాంతరంగా ఆగింది. గేదె నన్ను పరిశీలనగా చూసి వెళ్లిపోయింది. అప్పుడు కూడా, తమరైతే ఈ గేదెను రాడారులో ముందే పసిగట్టేవారు కదా అనే అనుకున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీల లోపు బళ్లకు జీఎస్టీ 18 శాతం, ఆపైన 40 శాతం అయ్యింది. ఆ వారంలోనే మా బావమరిది లెక్కల్లో తమరు 399 నుంచి 349కి చిక్కిపోయారు. ఆలు లేదు చూలు లేదు, సోమలింగానికి అప్పుడే పథ్యం.

షోరూముకు వెళ్తే అక్కడి కుర్రాడు నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎక్స్ఛేంజిలో ఇంత వస్తుందని చెప్పడానికి మొహమాటపడ్డాడు. తమ సంగతి అడిగితే, "ఇంకో ఆరు నెలల్లో వస్తుందండీ" అన్నాడు. మా బావమరిది నా వైపు చూసి తల పంకించాడు.

ఇట్లు,
అడ్వాన్సు కోసం పదివేలు బీరువాలో చీరల కింద విడిగా పెట్టుకున్న
తమ విధేయుడు

తా.క.: నిన్న రాత్రి వచ్చిన ఫొటో చూశాను. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్ల లోపే ఉండేలా దయచేసి చూడవలెను. నా మోకాళ్లు 2014 నాటివి కావు.