కంచె కొటేషన్‌లో ఉండవలసినవి
తోట కంచెలపై మీ వ్యాసం జాలీల ధరలను చక్కగా పోల్చింది గానీ, పని చేయించే తీరును దాదాపు వదిలేసింది. జాలీ తీగ మందాన్ని తెలిపే గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది; 10 గేజ్ తీగ మందం సుమారు 3.25 మిల్లీమీటర్లయితే 12 గేజ్‌ది 2.64 మాత్రమే కనుక, గేజ్ రాయని కొటేషన్‌ను ఒప్పుకోకపోవడమే మేలు. హైదరాబాద్‌లో చాలాచోట్ల రెండడుగులు తవ్వకముందే బండ తగులుతుంది. అప్పుడు కూలీలు గుంతను అక్కడికే ఆపి, పైన సిమెంటు కుప్పపోసి సరిపెడతారు. మా కాలనీలో అలా నిలబెట్టిన మూల స్తంభం జాలీ బిగించగానే లోపలికి వంగింది. బండకు డ్రిల్లింగ్ చేయాల్సివస్తే ఎంతవుతుందో, మూల స్తంభాలకు ఏటవాలు ఊతాలు లెక్కలో ఉన్నాయో లేదో మేస్త్రీతో ముందే రాయించుకోవాలి. వెల్డింగ్ చేసిన చోట ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడే జింకు పూత కాలిపోతుంది కాబట్టి (ఈ మాట వెల్డర్లు తమంతట తాము చెప్పడం అరుదు) అక్కడ జింక్ ప్రైమర్ వేశాకే చివరి విడత డబ్బు ఇవ్వాలి.