చల్ల నీళ్లకు నెల చందా కట్టొచ్చా?

బస్టాండులోనో కూరగాయల మార్కెట్ దగ్గరో కూలింగ్ వాటర్ మెషిన్ పెట్టి, నెలకింత అని కార్డు అమ్ముతుంటే కొనాలా వద్దా? రోజంతా అక్కడే ఎండలో పనిచేసే వాళ్లకు లాభమే, మిగతా వాళ్లకు దండగ అన్నది మా మాట.

లెక్క వేసుకోండి. కార్డు నెలకు 150 రూపాయలనుకుందాం. ఒంగోలులో ఆటో నడిపే మనిషి, తడిగుడ్డ చుట్టిన సీసాను హ్యాండిల్‌కు తగిలించుకుని తిరిగేవాడు, నెలలో 26 రోజులు రోజుకు రెండు లీటర్ల చొప్పున పట్టుకున్నా లీటరు మూడు రూపాయల లోపే పడుతుంది. అదే లీటరు సీసా కొట్లో 20 రూపాయల దాకా, పైన కూలింగ్ చార్జి అని ఇంకో రెండు గుంజే కొట్లు కూడా ఉన్నాయి (ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోకూడదని వాళ్లకూ తెలుసు లెండి). పొదిలి నుంచి వారానికోసారి పని మీద వచ్చిపోయే రైతుకు అదే కార్డు ఒక్కో రాకకు 37 రూపాయల పైనే పడుతుంది. అలాంటి వాళ్లు రూపాయి బిళ్ల వేసి పట్టుకునే వీలుండాలి.

నీళ్లకు డబ్బులేమిటి అనే వాదన ఇప్పుడెందుకు, క్యాన్లు కొనని ఇల్లు మన వైపు ఎన్ని ఉన్నాయి? మా అనుమానమంతా ఆ చల్లదనం మీదే. మన ఒంగోలు వైపుది ఫ్లోరైడ్ నేల, అంటే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఆ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి వైద్య పత్రికకు ఎక్కింది, దేశంలో అదే మొదలు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చంటారు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. చల్లబరిస్తే పోదు, మరగబెడితే నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్వోలో చాలావరకు పోతుంది, అదీ నీళ్లను వడగట్టే పొరను, అంటే మెంబ్రేన్‌ను, వేళకు మారిస్తేనే. పైగా బాగా చల్లగా ఉంటే ఉప్పదనం నాలుకకు సరిగా ఆనదు, దాహం మీద బోరు నీళ్లయినా గటగటా తాగేస్తాం.

నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరు ముంచి "చూడండి సార్, ఎనభయ్యే" అని చూపిస్తే మురిసిపోకండి, ఆ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. ల్యాబులో చేయించిన పరీక్ష కాగితం, మెంబ్రేన్ మార్చిన తేదీ మెషిన్ పక్కన అంటించమని అడగండి. అవి లేకపోతే కార్డు తీసుకోవద్దు.

మెషిన్‌కు చోటిచ్చే మునిసిపాలిటీకీ ఒక మాట. దాని పక్కనే ఉచిత కుళాయి ఒకటి ఉండి తీరాలి, చల్లగా లేకపోయినా ఫర్వాలేదు, నీళ్లు మాత్రం అవే శుద్ధి చేసినవి కావాలి. కార్డు మెషిన్ వచ్చిందిగా అని చలివేంద్రం కుండలు ఎత్తేస్తే ఊరుకునేది లేదు. ఇక రోహిణి కార్తెలో కరెంటు పోయో మోటారు కాలిపోయో మూడు రోజులు మెషిన్ ఆగిందనుకోండి, ఆ మూడు రోజుల డబ్బు వచ్చే నెల చందాలో తగ్గిస్తారో లేదో ముందే అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.